పంపు కింద మూడు రేకులు

ఫరీదాబాదులో నేను పనిచేసిన షెడ్డును అందరూ ల్యాబ్ అనేవాళ్ళు. మథురా రోడ్డు మీది దుమ్ము లోపలికి రాకుండా తలుపులు ఎప్పుడూ మూసి ఉండేవి. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. లారీల నుంచి, ట్రాక్టర్ల నుంచి, జనరేటర్ల నుంచి ఊడదీసి తెచ్చిన డీజిల్ పంపులను విప్పి, కడిగి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించి, టెస్ట్ బెంచి మీద సరిచూసి పంపడమే అక్కడి పని. ఇంజన్‌లో ఒక్కో సిలిండరులోకి ఎంత డీజిల్ చిమ్మాలో, ఏ క్షణంలో చిమ్మాలో చూసుకునేది ఆ పంపే. ఒక్కోసారికి చిమ్మేది ఒక చుక్కకన్నా తక్కువ. అంత సున్నితమైన వస్తువు పాడవడానికి కంటికి కనిపించని ఇసుక రేణువు చాలు.

నేను అక్కడ అప్రెంటిసును. అనంతపురంలో పాలిటెక్నిక్ పూర్తిచేసిన ఏడాదే, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాయనకు ఫరీదాబాదు బదిలీ అయింది. తొంభైల మధ్య మాట. ల్యాబ్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నేను మాట్లాడకపోవడానికి హిందీ రాకపోవడం కారణం కాదు, అది త్వరగానే వచ్చేసింది. ఊర్లో తెలుగు మాట్లాడటానికీ నాకు అంతే కష్టం. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో మటుకు నేను బాగా మాట్లాడతాను.

ల్యాబ్‌లో పెద్ద మేస్త్రీని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. యాభైకి దగ్గరపడిన మనిషి. దేశ విభజనప్పుడు ఆయన్ను చంటిబిడ్డగా ఎత్తుకుని, ఇప్పటి పాకిస్తాన్‌లోని బన్నూ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. చదవడం రాయడం మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు. ఏ పంపు ఎంత డీజిల్ ఇవ్వాలో అన్నీ తలలోనే ఉండేవి. పొద్దున నేను లోపలికి రాగానే, "మన మౌనీబాబా వచ్చేశాడు, ఇంక అందరూ నోళ్ళు మూసుకోండి" అనేవాడు. నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, తల వంచుకుని.

అక్కడ ఒక ఆచారం ఉండేది. పంపు పూర్తిగా సరైందని తేలాక, ఎవరూ మళ్ళీ కెలక్కుండా దాని మూత స్క్రూలోంచి సన్నని తీగ దూర్చి, కొసలకు చిన్న సీసం బిళ్ళ తొడిగి, ఒక ప్లయరుతో నొక్కుతారు. బిళ్ళ మీద ల్యాబ్ గుర్తు పడుతుంది. అదే సీలు. సీలు పడిందంటే ఆ పంపుకు ల్యాబ్ పూచీ. ఆ ప్లయరు ఉస్తాద్ జేబులోనే ఉండేది, జేబురుమాలులో చుట్టి. ఇంకెవరూ ముట్టుకోగా నేను చూడలేదు.

నా అప్రెంటిస్ ఏడాది ఇంకో రెండు వారాల్లో అయిపోతుందనగా రెండో బెంచి మేస్త్రీ లూధియానా వెళ్ళిపోయాడు. ఆ బెంచి ఖాళీ అయింది. ఆ రోజు నుంచి నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. సరిగ్గా అప్పుడే ఓనరు నన్ను పిలిచి, "బేటీ, నీ చేతిరాత ముత్యాల్లా ఉంది. ఏడాది పూర్తవగానే కౌంటరు నీదే. జాబ్ కార్డులు రాయడం, ఫోను ఎత్తడం. ఫ్యాను కింద కూర్చుంటావు, చేతులు నల్లబడవు. ఠీక్ హై?" అన్నాడు.

మంచి మనిషి. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నేను తల ఊపాను. నాకు బెంచి కావాలి, కౌంటరు వద్దు అన్న రెండు ముక్కలు ఆయన గదిలో నోటికి రాలేదు. ఇంటికొచ్చి వాటినే నాలుగు పేజీలు రాశాను.

ఆ వారంలోనే పడవ పంపు సంగతి వచ్చింది.

ఢిల్లీ అంచున ఓఖ్లా దగ్గర యమునలో తెరచాప పడవలు నేర్పే చిన్న క్లబ్బు ఒకటి ఉండేది. దాన్ని చూసుకునే పెద్దాయన నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. అందరికీ కమాండర్ సాబ్. ఒకరోజు జీపులో ల్యాబ్‌కు వచ్చి, ఉస్తాద్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్ళ దగ్గరున్న తెరచాప పడవల్లో పెద్దదానికి రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉంది. గాలి పడిపోయినప్పుడు పిల్లల చిన్న పడవలను ఒడ్డుకు లాక్కొచ్చేది అదే. ఇప్పుడది స్టార్టయితే ఆగదు.

"ఆగదంటే?" అన్నాడు ఉస్తాద్.

"స్టాప్ లివరు లాగినా ఆగదు. మా పడవవాడు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, గాలి పీల్చే గొట్టానికి అదిమి పట్టుకుంటాడు. ఊపిరాడక చస్తుంది."

"తువ్వాలా, ఇంజనా?"

"ఇప్పటికి మూడు తువ్వాళ్ళు చచ్చాయి, ఉస్తాద్‌జీ. ఇది బాగయ్యేదాకా పిల్లల్ని నీళ్ళలోకి పంపను."

ఉస్తాద్ నవ్వాడు. పంపు ఊడదీసి తెమ్మన్నాడు. ఊడదీయడానికి తమ దగ్గర ఎవరూ లేరని, మీరే ఎవరినైనా పంపమని కమాండర్ సాబ్ అడిగాడు. ఉస్తాద్ మొహంలో నవ్వు పోయింది. ఆయనకు నీళ్ళంటే భయమని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. "నా పని నేల మీద" అన్నాడు. చుట్టూ చూశాడు. అందరి బెంచీల మీదా విప్పిన పంపులున్నాయి. ఒక్క నా ముందే ఏమీ లేదు.

"మౌనీబాబా, నీకు ఈత వచ్చా?"

రాదని తల ఊపాను.

"నాకూ రాదు. పద. నువ్వు పడవలోకి, నేను ఒడ్డు మీదికి."

అలా మర్నాడు జీపులో ఓఖ్లా వెళ్ళాం. సంచిలో పనిముట్లతో పాటు నా పెనం కూడా పెట్టుకున్నాను. పెనం అంటే నిజంగా పెనమే. మా అమ్మ గుంత పొంగనాల పెనం, పిడి విరిగింది. పంపు లోపలి భాగాల్లో డీజిల్‌ను తోసే ప్లంజరు, అది పైకీ కిందికీ ఆడే బ్యారెల్ జతగా తయారవుతాయి. ఒక జతలోది ఇంకో జతలో పెడితే ఎందుకూ పనికిరావు. ల్యాబ్‌లో జతలు కలిసిపోకుండా ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి పాటించేవాళ్ళు, చిన్న గిన్నెలనో టీ గ్లాసులనో వాడి. నాకు ఏడు గుంతల పెనం తోచింది. ఒక్కో గుంతలో ఒక్కో జత, పైన డీజిల్. మొదట్లో దాన్ని మద్రాసీ ట్రే అని ఎగతాళి చేశారు. తర్వాత ఇద్దరు ముగ్గురు అది ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అమ్మ మాత్రం నన్ను క్షమించలేదు.

"ఏమ్మే, పొంగనాల పెనం యాడబెట్టినావు?"

"ల్యాబ్‌లో ఉండాది మా."

"దాంట్లో ఆ మసి సామాన్లు ఏస్తాండావా? ఇంగ దాన్ని ఇంట్లోకి తేవాకు. తెచ్చినా నేను పిండి పొయ్యను."

యమున అక్కడ నల్లగా ఉంటుంది. ఒడ్డు పొడుగునా గుర్రపుడెక్క, మధ్యలో సబ్బు నురగలాంటి తెల్లటి తెట్టె. వాసనకు ముక్కు అలవాటు పడటానికి కాస్త సమయం పట్టింది. చెక్క జెట్టీ చివర పడవ కట్టి ఉంది. ఉస్తాద్ జెట్టీ మొదట్లోనే, నేల మీద ఒక కాలు పెట్టుకుని నిలబడిపోయాడు. పడవవాడు నా సంచి అందుకుని నన్ను లోపలికి దింపాడు. మెట్లు తొలగిస్తే వాటి వెనక ఇంజన్. అక్కడ మోకాళ్ళ మీద కూర్చోవాలి. పడవ ఊగుతూ ఉంటే స్పానరు నట్టు మీద నిలవదు.

ఉస్తాద్ ఒడ్డు నుంచి అరిచి చెప్పేవాడు. నేను జవాబిచ్చేదాన్ని. నా జవాబు ఆయన దాకా వెళ్ళేది కాదు. కాసేపటికి పడవవాడే మధ్యవర్తి అయ్యాడు.

"డీజిల్ ట్యాపు మూసిందా?"

"మూసిందంట ఉస్తాద్‌జీ."

"చుట్టూ బ్రష్షుతో కడిగిందా?"

"కడిగిందంట."

"ఆ పిల్ల నోటితో చెప్పదా?"

"చెప్తోంది ఉస్తాద్‌జీ. నా చెవి ఆమె నోటి దగ్గరే ఉంది, అయినా సగమే వినిపిస్తోంది."

ఫ్లైవీలును చేత్తో తిప్పి మొదటి సిలిండరు గుర్తు దగ్గరికి తెచ్చాను. ఇంజెక్టర్లకు వెళ్ళే రెండు ఉక్కు గొట్టాలు విప్పి, కొసలకు దుమ్ము పోకుండా పాలిథిన్ కట్టాను. పక్కనున్న చిన్న మూత తీస్తే ర్యాక్ కనిపించింది. ర్యాక్ అంటే పళ్ళున్న సన్నని కడ్డీ. అది ఒక పక్కకు జరిగితే డీజిల్ పెరుగుతుంది, ఇంకో పక్కకు జరిగితే తగ్గుతుంది, పూర్తిగా జరిగితే ఆగిపోతుంది. వేలితో నెట్టాను. కదల్లేదు. స్టాప్ లివరు లాగినా ఇంజన్ ఆగకపోవడానికి కారణం అదే. డీజిల్‌లో చేరిన వాన నీళ్ళు లోపల తుప్పు పట్టించాయి. ర్యాక్ కొసనున్న చిన్న పిన్ను, ఇంజన్ వేగాన్ని అదుపుచేసే గవర్నరు తాలూకు ఫోర్కులో ఎలా కూర్చుందో టార్చి వేసి చూశాను. ఆపి, చేతులు తుడుచుకుని, డైరీ తీసి బొమ్మ వేసుకున్నాను.

"ఏం చేస్తోంది?" ఒడ్డు నుంచి ఉస్తాద్.

"ఉత్తరం రాస్తోంది ఉస్తాద్‌జీ."

నాలుగు నట్లు విప్పి పంపును నిటారుగా పైకెత్తాను. కింద అంచుకు మూడు పల్చటి రేకులు అంటుకుని వచ్చాయి. పంపు అడుగు ఆకారంలోనే కోసిన రేకులు. రెండు ఉక్కువి, నున్నగా ఉన్నాయి. మూడోది ఎవరో చేత్తో కోసింది. ఒక వైపు వెలిసిపోయిన పచ్చరంగు, ఏదో నూనె డబ్బా తాలూకు. అది కూడా డైరీలో రాసుకున్నాను: "పంపు కింద మూడు రేకులు. పై రెండూ అసలువి. అడుగుది డబ్బా రేకు. ఎవరో కావాలనే మందం చూసి కోసినట్టుంది." పంపును శుభ్రమైన గుడ్డలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని ఫరీదాబాదు తెచ్చాను.

ఉస్తాద్‌కు ఒక అలవాటుంది. ఏ పంపు వచ్చినా మొదటి కడుగు ఆయనే కడుగుతాడు, అందరికన్నా ముందొచ్చి. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి పడవ పంపు నేను కూర్చునే మూల బల్ల మీద తళతళలాడుతోంది. అడుగు అంచు అద్దంలా గీకి ఉంది. పక్కన ఆయన కత్తెరతో కోసిన కొత్త పేపరు ప్యాకింగు.

"చూశావా కింద?" అన్నాడు. "ఎవడో రోడ్డు పక్క మిస్త్రీ ప్యాకింగు దొరక్క డబ్బా కోసి కుక్కాడు. నూనె డబ్బా. ఇలాంటివాళ్ళ వల్లే మన పనికి చెడ్డపేరు. తీసి పారేశాను." తర్వాత అలవాటుగా అన్నట్టు, "ఇది లారీ కాదు కదా, తొందరేం లేదు. నువ్వే విప్పు. నేను చూస్తుంటాను" అన్నాడు.

ఏడాదిలో మొదటిసారి ఒక పంపు పూర్తిగా నా చేతికి వచ్చింది. నాకు సంతోషంతో ఊపిరాడలేదు. అదే సమయంలో నా కళ్ళు రేకులున్న చెత్త డబ్బా వైపు పోయాయి.

మా ల్యాబ్‌కు వచ్చే లారీ పంపుల్లో తిరిగే ఇరుసు పంపులోనే ఉంటుంది. డీజిల్ చిమ్మే క్షణాన్ని ఇంజన్‌కు బిగించేటప్పుడు గుర్తులు కలిపి సరిచేసుకుంటారు. ఈ చిన్న పంపు అలాంటిది కాదు. దీన్ని కింద నుంచి తోసే భాగం ఇంజన్‌లోనే ఉంది. పంపు ఎంత ఎత్తులో కూర్చుంటే చిమ్మే క్షణం అంత వెనక్కి జరుగుతుంది. కిందికి దిగితే ముందుకొస్తుంది. అంటే ఆ రేకులు ప్యాకింగు కాదు. ఇంజన్ సమయమే వాటిలో ఉంది. డబ్బా కోసిన మిస్త్రీ ఎవరో గానీ, తెలిసే కోశాడు.

ఇదంతా నాకు ఖచ్చితంగా తెలుసు. కానీ ఇరవై ఏళ్ళుగా ఆ బెంచి ముందున్న మనిషికి, అందరూ వింటుండగా, మీరు పారేసింది ప్యాకింగు కాదని చెప్పాలి. ఆయన మధ్యాహ్నం తిండికి లేచాక చెత్త డబ్బాలో చెయ్యి పెట్టి మూడు రేకులూ వెతికి తీశాను. కడిగి, పెనంలో ఏడో గుంతలో పెట్టాను. చెప్పడం మాత్రం రేపటికి వాయిదా వేశాను.

రెండు రోజులు పంపు పని చేశాను. ఒక్కో ప్లంజరునూ బయటికి తీసి పెనంలో దాని గుంతలో ఉంచాను. నున్నటి భాగాన్ని వట్టి వేళ్ళతో ముట్టకూడదు, చెమటకు తుప్పు పడుతుంది. ఒక జత బాగుంది. రెండో ప్లంజరు మీద సన్నని గీతలు, వాటి పొడుగునా తుప్పు. దాన్ని బాగుచేయలేం. ఢిల్లీలో కశ్మీరీ గేటు బజారు నుంచి కొత్త జత తెప్పించాం. బిగుసుకున్న ర్యాక్‌ను ఒక పూటంతా డీజిల్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో రుద్ది రుద్ది విడిపించాను. ర్యాక్ మీది చుక్కా, ప్లంజరును తిప్పే పళ్ళచక్రం మీది చుక్కా కలిసేలా అమర్చాను. అంతా బిగించాక ఒక పరీక్ష ఉంది. పంపును చేతుల్లోకి తీసుకుని ఒక పక్కకు వంచాలి. ర్యాక్ దాని బరువుకు అదే జారాలి. ఇంకో పక్కకు వంచితే అటు జారాలి. ఎక్కడా ఆగకూడదు.

వంచాను. చప్పుడు లేకుండా జారింది. ఇటు వంచాను. ఇటూ జారింది. ఉస్తాద్ నా చేతుల్లోంచి పంపు తీసుకుని తను కూడా వంచి చూశాడు, రెండు సార్లు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మా ల్యాబ్‌లో పెద్ద మాట.

టెస్ట్ బెంచి మీద బిగించి తిప్పితే రెండు గాజు గొట్టాల్లోకి డీజిల్ పడుతుంది. మొదటిసారి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఆపి, బిగింపు వదులు చేసి, సూది మొనంత జరిపి, మళ్ళీ తిప్పాను. మళ్ళీ జరిపాను. ఎన్నిసార్లో గుర్తు లేదు. సాయంత్రం నాలుగింటికి రెండు గొట్టాల్లోనూ డీజిల్ ఒకే గీత మీద నిలబడింది. గొట్టాలకు కళ్ళు సమంగా పెట్టి, పక్కనుంచి, వెనకనుంచి చూశాను. ఒకే గీత. నాకు ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. పిలవడం చేతకాక నేనే ఇంకోసారి చూసుకున్నాను.

అప్పుడే ఓనరు లోపలికి వచ్చాడు, సోమవారం నుంచి కౌంటరు గదిలో నాకు కుర్చీ వేయిస్తున్నానని చెప్పడానికి. ఉస్తాద్ పంపును ముందుకు లాక్కుని, జేబులోంచి ప్లయరు తీశాడు. పక్కన కొత్త పేపరు ప్యాకింగు సిద్ధంగా ఉంది. ఇక సీలు పడిపోతుంది.

నేను డైరీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

నా ఉద్దేశం ఆయన చదువుకుంటాడని; రాసింది తెలుగులో అన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు. అందులో బొమ్మ కూడా ఉంది. ఉస్తాద్ కళ్ళజోడు సవరించుకుని పేజీ వైపు చూశాడు.

"ఇదేంటి, జిలేబీలు చుట్టావా?"

అందరూ నవ్వారు. నా మొహం మండిపోయింది. ఏడాదిగా తెలుగులో రాసుకుంటున్నది ఇక్కడ ఎవరూ చదవలేరన్న ధైర్యంతోనే. ఇప్పుడు ఆ ధైర్యమే నాకు అడ్డం వచ్చింది.

"ఏముందందులో? చదువు" అన్నాడు ఉస్తాద్.

చదివాను. తెలుగు అక్షరాలు చూస్తూ హిందీలో. మొదటి వాక్యం చెబుతుంటే ఓనరు "గట్టిగా బేటీ" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పంపు కింద మూడు రేకులు. రెండు అసలువి. ఒకటి డబ్బా రేకు, మందం చూసి కోసింది. డైరీలో లేనిది కూడా చెప్పాను. పంపును తోసేది ఇంజన్‌లో ఉందని, ఈ రేకులు తీసేస్తే పంపు కిందికి దిగుతుందని, డీజిల్ ముందే చిమ్ముతుందని, ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు కొట్టుకుంటుందని. చెప్పడం అయ్యాక చూస్తే, పక్క బెంచి మోటారు కూడా ఎవరో ఆపేశారు.

ఉస్తాద్ ప్లయరు కింద పెట్టాడు. లేచి చెత్త డబ్బా దగ్గరికి వెళ్ళాడు.

"అక్కడ లేవు ఉస్తాద్‌జీ" అన్నాను. "ఇక్కడున్నాయి." ఏడో గుంత చూపించాను.

ఆయన మూడు రేకులనూ కలిపి మైక్రోమీటరులో పెట్టి కొలిచాడు. తర్వాత తను కోసిన పేపరు ప్యాకింగు కొలిచాడు. మళ్ళీ రేకులు కొలిచాడు. పేపరు వాటిలో సగం కూడా లేదు. చివరికి డబ్బా రేకు ఒక్కటే పట్టుకుని, పచ్చరంగు వైపు తిప్పి వెలుగులో చూశాడు.

"రోడ్డు పక్క మిస్త్రీ అన్నాను వీణ్ణి" అన్నాడు. రేకును బెంచి మీద పెట్టి నా వైపు తిరిగి, "రెండు రోజుల నుంచి ఇవి నీ దగ్గరున్నాయి. ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడుగుతారేమోనని..."

"నేనెందుకడుగుతాను? నాకు తెలియదని నాకు తెలిస్తే కదా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఉస్తాద్ పేపరు ప్యాకింగును నాలుగు ముక్కలు చేసి చెత్తలో వేశాడు. ప్లయరును మళ్ళీ రుమాలులో చుట్టాడు. "పడవలో కూర్చున్నాకే సీలు. ముందు నీ మాట నిజమో కాదో ఇంజన్ చెబుతుంది" అన్నాడు. కౌంటరు సంగతి చెప్పడానికి వచ్చిన ఓనరు అది చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

రెండోసారి ఓఖ్లా వెళ్ళినప్పుడు ఉస్తాద్ జెట్టీ మీద ఇంకో నాలుగు అడుగులు ముందుకు వచ్చాడు. అంతకన్నా రాలేదు. రుమాలు విప్పి ప్లయరు నా చేతిలో పెట్టాడు.

"నేను అక్కడికి రాను కదా. సరైతే సీలు నువ్వే వెయ్యి. సరికాకపోతే వెయ్యకు. ఇంకొకటి. ఈసారి నేనేం చెప్పను, నువ్వే చెబుతుండు. మధ్యలో వీడు వద్దు" అని పడవవాడి వైపు చూపించాడు.

మూడు రేకులనూ అదే వరుసలో పేర్చి పంపు దింపాను. పిన్ను ఫోర్కులో పడిందో లేదో అమ్మ చేతి అద్దం పెట్టి చూసి, వేలితో తడిమి, మళ్ళీ చూశాను. అది బయట ఉండిపోతే ఇంజన్ స్టార్టయిన మరుక్షణం అదుపు తప్పుతుంది.

"పిన్ను ఫోర్కులో ఉంది" అని అరిచాను. నిజంగా అరిచాను. గుర్రపుడెక్క మీద కూర్చున్న కొంగ ఒకటి లేచిపోయింది.

"వినిపించింది" అన్నాడు ఉస్తాద్.

మొదటి గొట్టం ఇంకా బిగించలేదు. పంపు మూతిలో డీజిల్ నిండుగా నిలిచి ఉంది. సమయం సరిచూసేది ఇక్కడే. ఫ్లైవీలును చేత్తో మెల్లగా, చాలా మెల్లగా తిప్పాలి. పంపు తోయడం మొదలుపెట్టిన క్షణాన మూతిలో డీజిల్ ఉబ్బుతుంది. ఆ క్షణంలో ఫ్లైవీలు మీది గీత ఎక్కడుందో చూడాలి. పడవవాడిని ఫ్లైవీలు తిప్పమని, నేను మూతి మీద కళ్ళు పెట్టాను. డీజిల్ అద్దంలా కదలకుండా ఉంది. ఉంది. ఉన్నట్టుండి కంటిపాపలా చిన్నగా ఉబ్బింది.

"ఆపు."

టార్చి వేసి చూశాను. ఫ్లైవీలు గీత, ఇంజన్ మీది గీత, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి. మళ్ళీ తిప్పించాను. మళ్ళీ అక్కడే. ఊరూ పేరూ తెలియని ఆ మిస్త్రీకి మనసులో దండం పెట్టుకున్నాను.

గొట్టాలు బిగించి, గాలి తీసేసి, స్టార్టు చేశాను. రెండుసార్లు దగ్గింది. నల్లటి పొగ ఒక్క గుక్కెడు వదిలింది. తర్వాత అందుకుంది. పడవవాడు అలవాటు కొద్దీ తువ్వాలు మడత పెడుతున్నాడు. నేను స్టాప్ లివరు లాగాను. ఇంజన్ ఆగింది. ఇంత తొందరగా ఆగుతుందని వాడు అనుకోలేదు, తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకోసారి స్టార్టు చేశాను. ఇంకోసారి ఆపాను. కమాండర్ సాబ్ జెట్టీ మీద నుంచి "ఇంకొక్కసారి" అన్నాడు, పిల్లాడు అడిగినట్టు.

తీగ దూర్చి, బిళ్ళ తొడిగి, ప్లయరు నొక్కాను. మొదటిది గట్టిగా నొక్కేశాను, ల్యాబ్ గుర్తు చితికిపోయింది. రెండోది సరిగ్గా పడింది. చితికిన బిళ్ళను డైరీలో పెట్టుకున్నాను. అది ఇప్పుడు కూడా ఆ పేజీకి నల్లటి మరక చేసి అక్కడే ఉంది.

ల్యాబ్‌కు తిరిగొచ్చేసరికి ఓనరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కౌంటరు గదిలో కొత్త కుర్చీ వేశారు. "శాబాష్ బేటీ, కమాండర్ సాబ్ ఫోను చేశాడు. అయితే సోమవారం నుంచి..." అన్నాడు.

నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన చెప్పులు విడుస్తూ, ఎంతకీ ఆ పని తెమలనట్టు వంగే ఉన్నాడు. నా బదులు చెప్పడని అర్థమైంది.

"నాకు కౌంటరు వద్దండీ. రెండో బెంచి కావాలి" అన్నాను. పడవలోంచి ఒడ్డుకు వినిపించేంత గట్టిగా వచ్చింది. లోపల ఇద్దరు తలలు ఎత్తారు.

ఓనరు ఉస్తాద్‌ను చూశాడు. "మీ మౌనీబాబాకు ఏమైంది?"

"ఏం కాలేదు" అన్నాడు ఉస్తాద్ లేచి నిలబడుతూ. "బెంచి ఖాళీగానే ఉంది కదా. కుర్చీలో నేను కూర్చుంటాను, నాకు నడుం నొప్పి."

సోమవారం పొద్దున నా పెనం తీసుకెళ్ళి రెండో బెంచి మీద పెట్టుకున్నాను. కాసేపటికి ఉస్తాద్ ఒక ట్రాక్టరు పంపు తెచ్చి దాని పక్కన దింపాడు. మొదటి కడుగు ఆయన కడగలేదు. బురద బురదగా అలాగే ఉంది.

"ముందు ఏముందో చూసి జిలేబీలు చుట్టు" అన్నాడు. "తర్వాత కడుగుదువు."